పాఠం పేరు చెప్పి చందా అడగండి: ఒడిశా సరిహద్దు బడుల్లో సైన్సు సామగ్రికి నిధుల సేకరణ

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లో ప్రభుత్వ బడికి ఏదైనా చేయాలని ముందుకొచ్చే తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. గుడికీ, అన్నసంతర్పణకూ, అమ్మవారి జాతరకూ చందాలు పోగుచేయడం మన ఊళ్లకు వెన్నతో పెట్టిన విద్య. బడికి పోగుచేసేటప్పుడు మాత్రం ఆ పద్ధతి కుదరదు. జాతర నాలుగు రోజుల్లో ముగుస్తుంది, దాని పద్దు కూడా అక్కడితో తీరిపోతుంది. సైన్సు పాఠం అలా కాదు. ఏటా కొత్త పిల్లలతో మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, ఏటా కొంత సామాను పగులుతుంది, కొంత అయిపోతుంది. ఈ సంగతి లెక్కలోకి తీసుకోకుండా “ప్రయోగశాల కట్టిద్దాం” అని పెద్ద మొత్తం ప్రకటించి, శిలాఫలకం వేసి, గాజు సామాను బీరువాలో పెట్టి తాళం వేస్తే, మూడో ఏడాదికి మిగిలేది ఆ ఫలకమే. అందుచేత ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి ఒకటే: ప్రయోగశాల పేరిట కాక, ఫలానా తరగతిలో ఫలానా పాఠం పేరిట, ఆ పాఠానికి కావలసిన వస్తువుల పేరిట డబ్బు అడగాలి.

ముందు పాఠ్యపుస్తకం, తర్వాత రసీదు పుస్తకం

పని మొదలుపెట్టవలసింది దాతల ఇంటి దగ్గర కాదు, సైన్సు ఉపాధ్యాయుల దగ్గర. ఆరు నుంచి పది వరకు పాఠ్యపుస్తకాలు ముందు పెట్టుకొని, ప్రతి పాఠంలోని కృత్యాలను ఒక్కొక్కటిగా చదువుతూ, దేనికి ఏ వస్తువు కావాలో, అది బడిలో ఉందో లేదో, ఉంటే పనిచేస్తున్నదో లేదో రాసుకోవాలి. ఇది రెండు మూడు సాయంత్రాల పని. పుస్తకాలు ఒడియాలో ఉంటాయి కాబట్టి, బృందంలో ఒడియా చదవగలిగినవారు ఒకరైనా ఉండాలి. పాత బీరువా తెరిచి చూడటం కూడా ఇందులో భాగమే. తీగ తెగిన అమ్మీటర్లు, చెమ్మకు పాడైన లిట్మస్ కాగితాలు, పైన బూడిదరంగు పొర కట్టిన మెగ్నీషియం రిబ్బను అందులో కనిపించవచ్చు. రిబ్బనును గరుకు కాగితంతో రుద్దితే తిరిగి పనికొస్తుంది. అలాంటివాటికి కొత్తగా చందా అవసరం లేదు.

పదో తరగతిలో ఓమ్ నియమం పాఠాన్నే తీసుకుందాం. తరగతిలో నలభై మంది పిల్లలున్నారనుకుంటే, ఐదుగురికి ఒక జట్టు చొప్పున ఎనిమిది జట్లు అవుతాయి. ఒక్కో జట్టుకు నాలుగు డ్రై సెల్లులు, వాటిని పట్టి ఉంచే హోల్డరు, ఒక అమ్మీటరు, ఒక వోల్టుమీటరు, ఒక స్విచ్చు, మూరెడు నిక్రోమ్ తీగ, కలుపుడు తీగలు కావాలి. అమ్మీటరును వలయంలో వరుసగా, వోల్టుమీటరును నిక్రోమ్ తీగ రెండు కొసలకు సమాంతరంగా కలిపి, సెల్లులను ఒకటి నుంచి నాలుగుకు పెంచుతూ, వోల్టులనూ ఆంపియర్లనూ రెండు గళ్లలో రాసుకొని, ఒకదానిని మరొకదానితో భాగిస్తే జవాబు ప్రతిసారీ దాదాపు ఒకటే వస్తుందని పిల్లలు తామే కనుక్కుంటారు. బల్ల మీద ఒకే సెట్టు పెట్టి ఉపాధ్యాయుడు చేసి చూపిస్తే ముందు వరుసల వారికి మాత్రమే ముల్లు కదలడం కనిపిస్తుంది. వెనక కూర్చున్నవారికి అది మళ్లీ నల్లబల్ల పాఠమే అవుతుంది. కాబట్టి పది పాఠాలకు ఒక్కో సెట్టు కొనడం కంటే మూడు పాఠాలకు ఎనిమిదేసి సెట్లు కొనడం మేలని నా అభిప్రాయం. దాతలకు మొదటిదే ఘనంగా కనిపిస్తుంది, అయినా రెండోదానికే నచ్చజెప్పాలి.

ఇలా తయారైన జాబితాలో మూడు రకాల వస్తువులు తేలుతాయి. మొదటివి ఊళ్లోనే ఉచితంగానో నామమాత్రపు ధరకో దొరికేవి: పసుపు, సున్నం, మందార పూలు, సీసాలు, అద్దం ముక్కలు, సైకిల్ ట్యూబు. పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేయించి 2018లో పద్మశ్రీ పొందిన అరవింద్ గుప్తా దశాబ్దాలుగా చూపుతున్న దారి ఇదే. రెండోవి ఒకసారి కొంటే కొన్నేళ్లు ఉండేవి: మైక్రోస్కోపు, మీటర్లు, పట్టకాలు, కటకాలు, త్రాసు. మూడోవి వాడేకొద్దీ అయిపోయేవి: సెల్లులు, పీహెచ్ కాగితం, స్పిరిటు, ఆమ్లాలు, స్లైడ్ల మీది కవరు గాజులు, పగిలే పరీక్షనాళికలు. దాతలందరికీ రెండో రకం మీదే మనసు పోతుంది; బడి ఆగిపోయేది మూడో రకం దగ్గర. అందుచేత మొత్తం లక్ష్యంలో నాలుగో వంతుకు తగ్గకుండా మూడో రకానికి ముందే కేటాయించి, ఆ మాట విజ్ఞప్తిలోనే స్పష్టంగా రాయాలి. ఉదాహరణకు అరవై వేల రూపాయలు పోగుచేయాలనుకుంటే ముప్పై ఐదు వేలు పరికరాలకు, పదిహేను వేలు మూడేళ్ల వినియోగ సామగ్రికి, ఆరు వేలు బీరువాకూ అరలకూ, మిగిలిన నాలుగు వేలు రవాణాకూ ఉపాధ్యాయుల ఒకరోజు శిక్షణకూ అని విడగొట్టవచ్చు.

ప్రభుత్వం ఇచ్చేదాన్ని దాత చేత ఇప్పించకూడదు

జాబితా చేతికి రాగానే, అందులో ఏవి ప్రభుత్వ నిధులతోనే కొనవచ్చో చూడాలి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్ష కింద బడికి ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది: ముప్పై మంది వరకు 10,000 రూపాయలు, వంద వరకు 25,000, రెండు వందల యాభై వరకు 50,000, వెయ్యి వరకు 75,000, ఆపైన లక్ష. పనిచేయని సామగ్రిని మార్చడం ఈ గ్రాంటు ఉద్దేశాల్లో ఒకటి. ఇది కాక ఆవిష్కారాల ఆలోచనలు పంపినవారిలో ఎంపికైన పిల్లలకు ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద 10,000 రూపాయలు వస్తాయి. ఎంపికైన బడులకు అటల్ టింకరింగ్ ల్యాబు కింద 20 లక్షల రూపాయల వరకు వస్తుంది. పాఠశాల నిర్వహణ కమిటీ, అంటే ఎస్‌ఎంసీ, తీర్మానాల పుస్తకం చూస్తే గ్రాంటు దేనికి ఖర్చయిందో తెలుస్తుంది. ఇది తనిఖీ చేయడానికి వచ్చినట్లు కాక, ఏది మిగిలిందో తెలుసుకోవడానికి వచ్చినట్లు అడిగితే హెడ్మాస్టరు సంతోషంగా చూపిస్తారు. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది: “గవర్నమెంటు ఇవ్వదా?” అని ప్రతి దుకాణంలోనూ అడిగే ప్రశ్నకు జవాబు చేతిలో ఉంటుంది.

పూర్వవిద్యార్థుల నుంచి విరాళాలు సేకరించడానికి ఒడిశా ప్రభుత్వం 2017లో మో స్కూల్ అభియాన్ మొదలుపెట్టింది. కేంద్రం 2021లో కొత్త రూపంలో తెచ్చిన విద్యాంజలి పోర్టల్‌లో బడి తన అవసరాలను నమోదు చేస్తే ఎక్కడి వారైనా వస్తువులు ఇవ్వవచ్చు. ఏ దారిలో వెళ్లినా ప్రభుత్వ రికార్డుల్లో ప్రతి బడికీ ఉండే పదకొండు అంకెల గుర్తింపు సంఖ్యను, అంటే యూడైస్ కోడును, విజ్ఞప్తి మీద వేయడం అలవాటు చేసుకోవాలి. ఒడిశా బడులకు అది 21తో మొదలవుతుంది. దూరాన ఉన్న దాత ఆ కోడుతో బడి ఉన్నదో లేదో తానే చూసుకోగలడు.

డబ్బు ఎవరి ఖాతాలో పడాలి

ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు. చందా ఏ ఉపాధ్యాయుడి సొంత ఖాతాకూ, ఏ యువకుడి ఫోన్‌పే నంబరుకూ పోకూడదు. మనిషి ఎంత నమ్మకస్తుడైనా సరే. ఒకే బడికి ఒకేసారి చేసే పనైతే ఎస్‌ఎంసీ బ్యాంకు ఖాతా చాలు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో మూడొంతులు, అంటే నాలుగింట మూడు పాళ్లు, తల్లిదండ్రులే ఉంటారు, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. ముందుగా కమిటీ సమావేశంలో జాబితాను చదివి వినిపించి, ఇంత మొత్తం వరకు ఈ వస్తువుల కోసం విరాళం స్వీకరించవచ్చునని తీర్మానం రాయించి, దాని నకలును బ్లాకు విద్యాధికారి కార్యాలయంలో ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి. షెడ్యూల్డ్ తెగల, కులాల అభివృద్ధి శాఖ నడిపే ఆశ్రమ పాఠశాలలైతే జిల్లా సంక్షేమాధికారి కార్యాలయానికి వెళ్లాలి. గజపతి, రాయగడ జిల్లాల్లో ఇలాంటి బడులు చాలా ఉన్నాయి కాబట్టి ఈ తేడా మొదటే కనుక్కోవడం మంచిది.

ఐదారు బడులకు ఏటా చేయదలచినవారు సొసైటీగానో ట్రస్టుగానో నమోదు కావాలి. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. నమోదయ్యాక ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ అనుమతులు తీసుకుంటే దాతలకు విరాళంలో సగం మేరకు పన్ను మినహాయింపు దొరుకుతుంది. ఇక్కడ చాలామంది అత్యుత్సాహంతో లేనిపోని మాట ఇస్తారు. ఎస్‌ఎంసీ రసీదుకు 80జీ వర్తిస్తుందని చెప్పకూడదు. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చినా, వస్తువుగా ఇచ్చినా ఆ మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగికి అసలే రాదు. అనుమతి ఉన్న సంస్థ దాతల వివరాలను ఏటా మే 31లోగా ఆదాయపు పన్ను శాఖకు దాఖలు చేయాలి, అందుకని రసీదు రాసేటప్పుడే పాన్ నంబరు అడిగి ఉంచుకోవాలి. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంతో సెక్షన్ల అంకెలు మారుతున్నాయి కాబట్టి రసీదు నమూనాను అచ్చువేయించే ముందు ఆడిటరుకు చూపించాలి.

అమెరికాలో ఉన్న మన పిల్లల సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత డబ్బును మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే వ్యక్తి అమెరికా పౌరసత్వం తీసుకుంటే, విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు చేతిలో ఉన్నా, చట్టం దృష్టిలో విదేశీ దాతే. అలాంటి విరాళం తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ గాని ముందస్తు అనుమతి గాని ఉండాలి. డబ్బుకు బదులు మైక్రోస్కోపే బడికి పంపుతామన్నా నియమం మారదు. కాబట్టి ఎవరైనా విదేశం నుంచి పంపుతామంటే, థాంక్స్ చెప్పేలోపే ఏ పాస్‌పోర్టు అని అడగాలి. కొంచెం మోటుగా ఉంటుంది, తప్పదు.

ఎవరిని, ఎప్పుడు, ఏ భాషలో

సరిహద్దు ఊళ్లలో చందా ఇవ్వగలిగినవారు స్థూలంగా నాలుగు రకాలు: బజారులోని వర్తకులు, ఊరు విడిచి విశాఖపట్నం, హైదరాబాదు, సూరతు వెళ్లిన ఉద్యోగులూ కార్మికులూ, రిటైరైన ఉపాధ్యాయులు, చుట్టుపక్కల కర్మాగారాలు. బయటి ఊళ్ల వారిని కలవడానికి సంక్రాంతిని మించిన సమయం లేదు. భోగి, సంక్రాంతి రోజులు వదిలేసి, కనుమ నాడు గాని మర్నాడు గాని బడి ఆవరణలోనే పిలిస్తే, తాము చదివిన తరగతి గదిని చూసి వారే మాట్లాడటం మొదలుపెడతారు. అప్పుడు మనం ఎక్కువగా చెప్పవలసిన పని ఉండదు.

వర్తకుల దగ్గర మాత్రం మాట కంటే చూపించడం పనిచేస్తుంది. కిరాణా దుకాణానికి వెళ్లేటప్పుడు తెల్ల కాగితాన్ని పసుపు ముద్దలో ముంచి ఆరబెట్టిన పట్టీలు నాలుగు జేబులో పెట్టుకోండి. కిళ్లీ సున్నాన్ని నీళ్లలో కలిపి, ఒక చుక్క ఆ పట్టీ మీద వేస్తే ఎర్రబడుతుంది. అదే చోట నిమ్మరసం చుక్క వేస్తే తిరిగి పసుపురంగుకు వస్తుంది. పసుపూ, సున్నమూ, నిమ్మకాయా ఆ కొట్లోవే. “ఇది ఊరికే దొరికే సైన్సు, దీనికి మేం చందా అడగడం లేదు. కానీ ఏ ద్రవం ఎంత ఆమ్లమో అంకెలో చెప్పాలంటే పీహెచ్ కాగితం కావాలి, దానికి అడుగుతున్నాం” అని అప్పుడు చెప్పాలి. దాత చేతిలో అప్పటికి ఒక ప్రశ్న ఉంటుంది, మన చేతిలో దానికి ధర ఉంటుంది. సున్నం చుక్క వేయడానికి చీపురుపుల్ల చాలు. కళ్లకు తగలకుండా చూడాలి.

“అది ఒడియా బడి కదా, మన పిల్లలు అక్కడ చదువుతారా?” అని కొందరు తెలుగు దాతలు అడుగుతారు. ఒక్కో తరగతిలో తెలుగు, ఒడియా, సవర ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు పక్కపక్కనే కూర్చుంటారనీ, అమ్మీటరు ముల్లు అందరికీ ఒకేలా కదులుతుందనీ చెప్పడమే దీనికి సరైన జవాబు. ఈ ప్రాంతానికి ఇది కొత్త కూడా కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు రాసి, సవర పిల్లలకు తన సొంత డబ్బుతో బడులు నడిపించారు. విజ్ఞప్తిని తెలుగులోనూ ఒడియాలోనూ ఒకే కాగితానికి రెండు వైపులా వేయించాలి. ఎస్‌ఎంసీలో ఉన్న తల్లిదండ్రులు చదవలేని కాగితంతో వారి పేరు మీద డబ్బు అడగడం మర్యాద కాదు. పిల్లల ఫొటోల విషయంలోనూ ఇదే మర్యాద పాటించాలి: చిరిగిన చొక్కాతో నిలబెట్టి తీసిన ఫొటోకు కొంచెం ఎక్కువ చందా రావచ్చు గాని, ఆ పిల్లవాడు రేపు అదే ఊళ్లో పెరగాలి. ప్రయోగం చేస్తున్న చేతుల ఫొటో చాలు, దానికీ తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి.

కర్మాగారాల దారి వేరు. రాయగడ జిల్లాలో కాగితం, ఫెర్రో అల్లాయ్, అల్యూమినా పరిశ్రమలున్నాయి. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షను కిందికి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత పనులకు ఖర్చుపెట్టాలి; తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ సెక్షనులోనే ఉంది. అయితే ఆ డబ్బును బయటి సంస్థ ద్వారా ఖర్చుపెట్టాలంటే ఆ సంస్థకు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 అనే నమోదు, మూడేళ్ల అనుభవం ఉండాలి. కొత్తగా మొదలైన బృందానికి అది సాధ్యం కాదు. అందుకని డబ్బు అడగకుండా, హెడ్మాస్టరు సంతకంతో, పాఠాలవారీ జాబితా జతచేసి, వస్తువులను కంపెనీయే కొని బడికి నేరుగా ఇమ్మని ఉత్తరం రాయాలి. ఏప్రిల్‌తో మొదలయ్యే ఏడాది ప్రణాళికను ముందే వేసుకుంటారు కాబట్టి ఉత్తరం డిసెంబరు, జనవరి నెలల్లో చేరితే మంచిది. డబ్బు ఇవ్వలేని సంస్థలు మనుషుల్ని ఇవ్వగలవు. బరంపురంలో 2016లో ఏర్పడిన కేంద్ర సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఐసర్, పర్లాకిమిడి, గుణుపురాల్లోని విశ్వవిద్యాలయాలు దగ్గరలోనే ఉన్నాయి. ఒక శనివారం ఇద్దరు విద్యార్థులు వచ్చి మైక్రోస్కోపు సరిచేయడం ఉపాధ్యాయులకు నేర్పి వెళితే, అది ఒక కొత్త మైక్రోస్కోపు కొన్నంత పని.

కొనుగోలు, భద్రత, లెక్క

సైన్సు పరికరాల్లో పెద్ద భాగం హర్యానాలోని అంబాలాలో తయారవుతుంది. బరంపురం, విశాఖపట్నం దుకాణాలు కూడా చాలావరకు అక్కడి సరుకే అమ్ముతాయి. మూడు చోట్ల కొటేషన్లు తీసుకొని, ధరతో పాటు పగిలిన గాజు సామాను ఎవరు భర్తీ చేస్తారో రాతపూర్వకంగా అడగాలి. కొనేందుకు వెళ్లేటప్పుడు సైన్సు ఉపాధ్యాయుణ్ణి వెంట తీసుకెళ్లి, ప్రతి మీటరునూ ఒక సెల్లుకు కలిపి ముల్లు కదులుతుందో లేదో అక్కడే చూడాలి. రసాయనాలు ఏడాదికి సరిపడా మాత్రమే కొనాలి. హైడ్రోజన్ పెరాక్సైడు నిలవ ఉంటే బలం తగ్గిపోతుంది, సిల్వర్ నైట్రేటుకు గోధుమరంగు సీసా కావాలి, ఆమ్లాల సీసాలు అన్నిటికంటే కింది అరలో ఉండాలి.

ఈ ప్రాంతానికి తుపాను కొత్త కాదు. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. బీరువాను కారే గోడకు ఆనించకుండా, ఇటుకల మీద ఎత్తి, కిటికీకి దూరంగా పెట్టించాలి. తాళంచెవి రెండు జతలుండాలి: ఒకటి హెడ్మాస్టరు దగ్గర, రెండోది సైన్సు ఉపాధ్యాయుడి దగ్గర. పగిలితే జీతంలోంచి కట్టవలసి వస్తుందన్న భయం ఉన్నంతవరకు ఏ ఉపాధ్యాయుడూ గాజు సామాను పిల్లల చేతికి ఇవ్వడు. కాబట్టి ఏడాదికి ఇంత మేరకు పగలడం సహజమనీ, దానికి ఎవరూ బాధ్యులు కారనీ ఎస్‌ఎంసీ తీర్మానంలోనే ఒక వాక్యం రాయించాలి. సామగ్రి వాడుకలో ఉండటానికి ఆ ఒక్క వాక్యం చేసే మేలు ఇంతా అంతా కాదు.

వచ్చిన వస్తువు ప్రతిదీ స్టాకు రిజిస్టరులో ఎక్కాలి. జమాఖర్చుల కాగితం బడి గోడ మీద ఒడియాలోనూ తెలుగులోనూ అంటించాలి. అందులో పదకొండు రూపాయలిచ్చిన వారి పేరు కూడా ఉండాలి, పేరు వద్దన్నవారిది తప్ప. దాతలకు లెక్క చెప్పడానికి ఫిబ్రవరి 28 అనుకూలమైన రోజు. సి.వి. రామన్ 1928లో తన ఆవిష్కరణను వెల్లడించిన ఆ తేదీని దేశమంతటా సైన్సు దినోత్సవంగా జరుపుతారు. ఆ రోజు ఉపన్యాసాలు తగ్గించి, చందాతో వచ్చిన సామగ్రితో పిల్లల చేతనే ప్రయోగాలు చేయించి, ఏ పాఠాలు జరిగాయో, ఏవి జరగలేదో, ఏం పగిలిందో చెప్పించాలి. జరగని పాఠాన్ని దాచిపెడితే మరుసటి ఏడాది దానికి చందా అడిగే హక్కు మనకు ఉండదు.

చివరిగా బదిలీల సంగతి. పని బాగా సాగిన బడి నుంచి సైన్సు ఉపాధ్యాయుడు బదిలీ అయితే, వెళ్లేవారూ వచ్చేవారూ కలిసి బీరువా తెరిచి, రిజిస్టరుతో సరిచూసి, ఇద్దరూ సంతకం చేసేలా హెడ్మాస్టరును ముందే ఒప్పించి ఉంచాలి. వినియోగ సామగ్రికి కేటాయించిన డబ్బులో మిగిలినదాన్ని కొత్త ఉపాధ్యాయుడు కోరిన పాఠానికి మార్చుకునే వీలు ఉండాలి. అలా మార్చినప్పుడు దాతలకు ఒక కార్డు ముక్క రాస్తే సరిపోతుంది, మళ్లీ సభ పెట్టనవసరం లేదు.